కంపెనీకి ఇచ్చే రాయితీలో హాలియా మాట ఎక్కడ?

హాలియా పురపాలక సంఘం రేపు ఒక పెద్ద కంపెనీని తన ఊరికి రప్పించాలనుకుంటే, ఇవ్వడానికి దాని చేతిలో ఏముంది? నల్లగొండ జిల్లాలో 2018లో పురపాలక సంఘమైన ఊరు ఇది. ఇంటి పన్ను, దుకాణాల ట్రేడ్ లైసెన్సు, ఇళ్ల అనుమతుల ఫీజు, నల్లా బిల్లు, ఇవే దాని సొంత రాబడి. ఇవన్నీ కలిపి వదులుకున్నా వెయ్యి మందికి పనిచ్చే కంపెనీకి అది ఓ లెక్క కాదు. జీఎస్టీలో వాటా, కరెంటు ధర, స్టాంపు డ్యూటీ, ప్రభుత్వ భూమి రాష్ట్రం చేతిలో ఉంటాయి. ఆదాయపు పన్ను ఢిల్లీ చేతిలో ఉంటుంది. కంపెనీ వస్తే నీళ్లు, రోడ్లు, చెత్త, అద్దె ఇళ్లు, ఆసుపత్రి రద్దీ మాత్రం ఊరి మీద పడతాయి.

అమెరికాలో ఈ పని రాష్ట్రాలతో పాటు నగరాలూ చేస్తాయి. 2017లో అమెజాన్ తన రెండో ప్రధాన కార్యాలయం ఎక్కడ పెట్టాలో మీరే చెప్పండని ప్రకటిస్తే 238 ప్రాంతాలు దరఖాస్తు పెట్టుకున్నాయి. ఒక్కో నగరం మా దగ్గర ఇంత పన్ను మాఫీ, ఇంత భూమి అంటూ పోటీ పడింది. న్యూజెర్సీలోని నెవార్క్ కోసం ఇవ్వజూపిన మొత్తం 700 కోట్ల డాలర్లు.  వర్జీనియాతో పాటు న్యూయార్క్ దాదాపు 300 కోట్ల డాలర్ల రాయితీలతో గెలిచింది కానీ, అక్కడి జనం ఊరేగింపులు తీసి ఎదిరించడం చూసి అమెజాన్ 2019 ఫిబ్రవరిలో తనే వెనక్కి తగ్గింది. మన దగ్గర బేరం జరిగే చోటు ఊరికి చాలా దూరం. హైదరాబాద్‌లో సచివాలయం, అమరావతిలో మంత్రివర్గం, ఢిల్లీలో మంత్రిత్వ శాఖ. అందుకే ఈ చర్చ హాలియా లాంటి ఊళ్లకు పేపరు వార్తగానే చేరుతుంది. అసలు రాయితీ అంటే ఏమిటి, ఎవరి సొమ్ము, ఎలా పోతుంది అన్నది మొదటి నుంచి చూద్దాం.

తెలంగాణ 2014లో రెండు పనులు చేసింది. ఒకటి టీఎస్-ఐపాస్ చట్టం. పరిశ్రమ పెట్టేవారు పది కార్యాలయాల చుట్టూ తిరగకుండా ఒకే చోట దరఖాస్తు పెడితే, భారీ ప్రాజెక్టులకు 15 రోజుల్లో అనుమతులు రావాలన్నది దాని ఉద్దేశం. ఇందులో ఖజానాకు పోయేదేమీ లేదు, మంచి పని. రెండోది టీ-ఐడియా అనే ప్రోత్సాహకాల పథకం. రాయితీలు ఉండేది ఇందులో. భూమి కొన్నప్పుడు కట్టిన స్టాంపు డ్యూటీ మొత్తం తిరిగి ఇస్తారు. చిన్న పరిశ్రమలకు కరెంటు మీద యూనిట్‌కు రూపాయి చొప్పున అయిదేళ్లు ఇస్తారు. అమ్మకాల పన్నులో రాష్ట్రానికి చేరిన దాన్ని సూక్ష్మ, చిన్న యూనిట్లకు అయిదేళ్లపాటు నూరు శాతం, మధ్యతరహా వాటికి ఏడేళ్లపాటు 75 శాతం, పెద్దవాటికి ఏడేళ్లపాటు 50 శాతం వెనక్కి ఇస్తారు. ఇక మెగా ప్రాజెక్టు అయితే ఈ పట్టిక వర్తించదు. ఆ కంపెనీకి ప్రత్యేకంగా కుట్టిన ప్యాకేజీ ఉంటుంది. తగువంతా ఆ ప్రత్యేక ప్యాకేజీల దగ్గరే మొదలవుతుంది.

‘వెనక్కి ఇవ్వడం’ అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. 2017 జులైలో జీఎస్టీ రాకముందు రాష్ట్రం ఒక కంపెనీకి అమ్మకపు పన్ను అసలు కట్టొద్దనే చెప్పగలిగేది. ఇప్పుడు ఏ రాష్ట్రమూ ఒక్క కంపెనీకి జీఎస్టీ మాఫీ చేయలేదు. కంపెనీ పన్ను కట్టాల్సిందే. రాష్ట్రం ఆ తర్వాత బడ్జెట్‌లోంచి డబ్బు తీసి కంపెనీకి ఇస్తుంది. అంటే ఇప్పుడు రాయితీ అనేది రాని పన్ను కాదు, వచ్చిన పన్నులోంచి పెట్టే ఖర్చు. పింఛను, బియ్యం, బడి భోజనం ఎలా ఖర్చో ఇదీ అలాగే ఖర్చు. కానీ వాటి గురించి అడిగినంత గట్టిగా దీని గురించి ఎవరూ అడగరు.

జీఎస్టీలో ఇంకో కిటుకు ఉంది. ఇది సరుకు తయారైన రాష్ట్రానికి చేరే పన్ను కాదు, సరుకు వాడిన రాష్ట్రానికి చేరే పన్ను. అనంతపురం వైపు పెనుకొండ దగ్గర తయారైన కారును పుణెలో ఎవరైనా కొంటే, రాష్ట్ర వాటా పన్ను మహారాష్ట్రకు పోతుంది. కాబట్టి దేశమంతా అమ్ముకునే ఫ్యాక్టరీ మన జిల్లాలో ఉన్నంత మాత్రాన, దాని సరుకు మీద పన్నంతా మన ఖజానాకు వస్తుందనుకోవడం పొరపాటు. మనకు వచ్చేది ప్రధానంగా జీతాల రూపంలో, ఆ జీతాలు స్థానికంగా ఖర్చయ్యే రూపంలో. అందుకే ఉద్యోగాలు ఎన్ని, ఎవరికి, ఎంత జీతానికి అన్న ప్రశ్నే మిగతా అన్ని ప్రశ్నలకూ పెద్దన్న.

ఈ మధ్య తెలుగు రాష్ట్రాల్లో ఈ చర్చ రగిలింది 99 పైసల దగ్గర. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం విశాఖపట్నం రుషికొండ ఐటీ హిల్‌లో 21.16 ఎకరాలను టీసీఎస్‌కు 99 పైసలకు ఇవ్వడానికి ఒప్పుకుంది. కంపెనీ 1,370 కోట్ల రూపాయలు పెట్టి 12,000 మందికి పని ఇస్తామంది. తర్వాత కాపులుప్పాడలో కాగ్నిజెంట్‌కు కూడా అదే ధరకు భూమి. అక్కడి మాట 1,583 కోట్ల పెట్టుబడి, 8,000 ఉద్యోగాలు. సముద్రం కనిపించే కొండ మీద ప్రజల భూమిని రూపాయి కన్నా తక్కువకు ఇవ్వడమేమిటని కొందరు అడిగారు. హైకోర్టులో వ్యాజ్యాలు పడ్డాయి. ఆ తర్వాత అక్టోబరులో గూగుల్ విశాఖలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో డేటా సెంటర్ కట్టడానికి ఒప్పందం చేసుకుంది. కర్ణాటక మంత్రి ప్రియాంక్ ఖర్గే దీన్ని తప్పుబట్టారు. ఆంధ్ర ప్రభుత్వం 22,000 కోట్ల రూపాయల ప్రోత్సాహకాలు ఇస్తోందని, భూమి ధరలో, నీటి ధరలో 25 శాతం చొప్పున తగ్గింపు, రాష్ట్ర జీఎస్టీ నూరు శాతం వాపసు ఇందులో ఉన్నాయని ఆయన అన్నారు. ఆంధ్ర మంత్రి నారా లోకేశ్ గట్టిగా సమాధానం చెప్పారు. రెండు రాష్ట్రాల మధ్య మాటల యుద్ధం రోజులపాటు సాగింది.

ఇవ్వాలనే వారి వాదనలో బలం లేకపోలేదు. విశాఖలో ఇంజనీరింగ్ చదివిన పిల్లలు బెంగళూరుకో హైదరాబాద్‌కో వెళ్లక తప్పని పరిస్థితి దశాబ్దాలుగా ఉంది. ఒక పెద్ద పేరున్న కంపెనీ వస్తే దాని వెంట ఇంకొన్ని వస్తాయి. 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు మాదాపూర్ బండరాళ్ల నేల. ఆ ఏడాదే మైక్రోసాఫ్ట్ వచ్చింది. తర్వాత ఏం జరిగిందో నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ప్రతి కుటుంబానికీ తెలుసు. మనవాళ్లెవరో ఒకరు ఆ రోడ్ల వెంబడి క్యాబ్ నడుపుతున్నారు, కాపలా కాస్తున్నారు, కోడ్ రాస్తున్నారు. అలాగే 2017లో కియా మోటార్స్ 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో పెనుకొండ దగ్గర ఎర్రమంచికి వచ్చింది. 2019లో కార్లు బయటికి రావడం మొదలైంది. విడిభాగాలు చేసే కంపెనీలు వెంట వచ్చాయి. అనంతపురం లాంటి కరువు జిల్లాకు అది చిన్న సంగతి కాదు. వీటిని తీసిపారేసి రాయితీలన్నీ దండగ అనేవారితో నేను ఏకీభవించలేను.

కానీ ఈ పోటీలో లాభపడేది ఎవరన్నది చూడాలి. కల్లం దగ్గర ధాన్యం కొనే వ్యాపారి పక్క ఊళ్లో ఇంకా తక్కువకు ఇస్తున్నారని చెప్పి మన ధర దించుతాడు, ఆ ఊళ్లో మన ఊరి పేరు చెప్పి వాళ్ల ధర దించుతాడు. పెద్ద కంపెనీ రాష్ట్రాలతో చేసేదీ అదే. 2008లో టాటా నానో కార్ల ఫ్యాక్టరీ బెంగాల్‌లోని సింగూరు నుంచి వెళ్లిపోతానంటే రాష్ట్రాలు క్యూ కట్టాయి. గుజరాత్ 0.1 శాతం నామమాత్రపు వడ్డీకి దీర్ఘకాలిక రుణం ఇచ్చి సాణంద్‌కు తీసుకెళ్లింది. పదేళ్లు తిరిగేసరికి నానో కారే ఆగిపోయింది. ఫ్యాక్టరీ నిలిచి వేరే కార్లు తయారు చేస్తోంది కాబట్టి గుజరాత్ పూర్తిగా నష్టపోయిందని అనలేం. ఏ కారు కోసమైతే అంత ఇచ్చారో ఆ కారు మాత్రం పదేళ్లు నిలవలేదు.

రాష్ట్రాలకు ఈ సంగతి తెలియక కాదు. 1999 నవంబరులో ముఖ్యమంత్రుల సమావేశంలో అందరూ కలిసి ఒక మాట అనుకున్నారు. అమ్మకపు పన్నుకు కనీస రేట్లు పెట్టుకోవాలి, 2000 జనవరి 1 నుంచి కొత్త పరిశ్రమలకు అమ్మకపు పన్ను రాయితీలు ఆపేయాలి. ఒకరి మీద ఒకరు పోటీగా ఖజానాలు ఖాళీ చేసుకోవడం అందరికీ నష్టమని తేలిన తర్వాతే ఆ మాట వచ్చింది. కొన్నాళ్లు నిలిచింది. తర్వాత మాఫీ పేరు మార్చి వాపసు అని, రుణమని, పెట్టుబడి సబ్సిడీ అని అవే రాయితీలు వేరే దారిలో తిరిగి వచ్చాయి. అమెరికాలో కాన్సాస్, మిస్సోరి రాష్ట్రాల సరిహద్దు ఒకే నగరం నడుమ నుంచి పోతుంది. ఒక్క వీధి దాటించి ఆఫీసు మార్చినందుకు కంపెనీలు రాయితీలు తీసుకున్నాయి. కొత్త ఉద్యోగాలు పెద్దగా పుట్టలేదు. 2019లో రెండు రాష్ట్రాలూ ఆ పోటీ ఆపుకుంటామని ఒప్పుకున్నాయి. ఐరోపా సమాఖ్యలోనైతే ఏ దేశమైనా ఒక కంపెనీకి పెద్ద సాయం చేయాలంటే ఐరోపా కమిషన్ అనుమతి తీసుకోవాలి. హైదరాబాద్, అమరావతి, బెంగళూరు, చెన్నై మధ్య అలాంటి హద్దు ఏదీ లేదు.

రాయితీ ఇవ్వకపోతే కంపెనీ రాకపోయేదా అన్నది ఇంకో ప్రశ్న. దీన్ని అమెరికాలో ఏళ్లుగా పరిశోధించిన ఆర్థికవేత్త టిమోతీ బార్టిక్ 2018లో పాత అధ్యయనాలన్నీ ముందు పెట్టుకుని ఒక అంచనా చెప్పారు. రాయితీ తీసుకున్న కంపెనీల్లో ఆ రాయితీ వల్లే ఆ చోటును ఎంచుకున్నవి 2 నుంచి 25 శాతం దాకా ఉంటాయి. మిగతావి ఎలాగూ అక్కడికే వచ్చేవి. మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే చూడండి. హుజూర్‌నగర్, మేళ్లచెరువు, వాడపల్లి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వరసగా ఎందుకున్నాయి? అక్కడ నేల కింద సున్నపురాయి ఉంది. రాయి ఉన్న చోటికే ఫ్యాక్టరీ రావాలి. దాన్ని మోసుకుని వేరే జిల్లాకు పోలేదు. విశాఖ డేటా సెంటర్ సంగతీ కొంత అంతే. సముద్ర గర్భం నుంచి వచ్చే కేబుళ్లు ఒడ్డెక్కడానికి తీరం కావాలి. అది బెంగళూరుకు లేదు, మనకూ లేదు.

హాలియా దగ్గరికి తిరిగొద్దాం. ఈ ఊరికి బువ్వ పెట్టింది ఏ కంపెనీ రాయితీ? 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు పునాదిరాయి పడింది. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మెట్ట చేలు వరి మళ్లయ్యాయి. వడ్లు పండితే మిల్లులు వచ్చాయి. మిర్యాలగూడ బియ్యం మిల్లుల కేంద్రమైంది. లారీలు, హమాలీలు, ఎరువుల దుకాణాలు, ట్రాక్టరు షెడ్లు, బ్యాంకులు వచ్చాయి. ఇవాళ ఆ మిల్లుల్లో పనికి బీహార్ నుంచి మనుషులు వస్తున్నారు. ప్రభుత్వం ఏ ఒక్క కంపెనీకీ డబ్బు ఇవ్వలేదు. నీళ్లు తెచ్చింది, రోడ్డు వేసింది, కరెంటు ఇచ్చింది. ఒక మిల్లు మూతపడినా కాలువ ఊరికే పోదు, ఇంకో మిల్లుకు పనికొస్తుంది. ఒక్క కంపెనీ కోసం పెట్టే రాయితీకి ఆ గుణం లేదు. కంపెనీ పోతే ఆ సొమ్మూ పోతుంది. కియాకు కూడా హంద్రీ-నీవా నీళ్లు గొల్లపల్లి జలాశయానికి చేర్చిన తర్వాతే ఎర్రమంచిలో పని కుదిరింది. పేపర్లలో మాత్రం భూమి ధర, పన్ను వాపసు గురించే ఎక్కువ మాట్లాడుకుంటాం.

ఇప్పుడు కొంచెం లెక్క వేద్దాం. పాలమూరులో దివిటిపల్లి దగ్గర అమరరాజా బ్యాటరీల ఫ్యాక్టరీకి 2022 డిసెంబరులో ఒప్పందం జరిగింది, 2023 మేలో శంకుస్థాపన చేశారు. పదేళ్లలో 9,500 కోట్ల రూపాయల పెట్టుబడి, 4,500 మందికి నేరుగా పని అని ప్రకటించారు. అంటే ఒక్కో ఉద్యోగం వెనుక రెండు కోట్లకు పైగా పెట్టుబడి. విశాఖలో టీసీఎస్ చెప్పిన అంకెలతో అదే లెక్క వేస్తే ఒక్కో ఉద్యోగానికి 11 లక్షల పైచిలుకు. రెండూ మంచివే కావచ్చు. బ్యాటరీ ఫ్యాక్టరీకి యంత్రాలే ప్రధానం, సాఫ్ట్‌వేర్ కంపెనీకి మనుషులే ప్రధానం. అయితే పెట్టుబడిని బట్టి రాయితీ కొలిచినప్పుడు యంత్రాలు ఎక్కువున్నవారికి ఎక్కువ, మనుషులు ఎక్కువున్నవారికి తక్కువ ముడుతుంది. గుజరాత్‌లోని సాణంద్‌లో మైక్రాన్ అనే అమెరికా కంపెనీ చేపట్టిన చిప్ ప్యాకింగ్ ఫ్యాక్టరీ ఖర్చు 22,516 కోట్లు. ఇందులో కేంద్రం 50 శాతం, గుజరాత్ 20 శాతం భరిస్తాయి. నేరుగా వచ్చే ఉద్యోగాలు దాదాపు 5,000. ఒక్కో ఉద్యోగానికి ప్రజల సొమ్ము మూడు కోట్లు దాటింది. 2024 జూన్‌లో కేంద్ర భారీ పరిశ్రమల మంత్రిగా పదవి చేపట్టిన కుమారస్వామి స్వయంగా ఈ లెక్క ఎత్తి చూపి, ఇంత ఇవ్వడం సబబా అని అడిగారు. తర్వాత వివరణ ఇచ్చుకున్నారు కానీ ఆ లెక్క మాత్రం తప్పు కాదు. చిప్పులు దేశ భద్రతకు అవసరమని, అందుకే ఇచ్చామని ప్రభుత్వం చెప్పవచ్చు. అప్పుడు దాన్ని భద్రత ఖర్చుగా చెప్పాలి, ఉద్యోగాల పేరు మీద చెప్పకూడదు.

ఉద్యోగాల మాట నిలబెట్టుకోకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఒక పల్లె కథ చెబుతాను. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో మౌంట్ ప్లెజెంట్ అనే ఊరుంది. 2017లో ఫాక్స్‌కాన్ అక్కడ 1,000 కోట్ల డాలర్లతో టీవీ తెరల ఫ్యాక్టరీ పెడతానని, 13,000 మందికి పని ఇస్తానని వచ్చింది. రాష్ట్రం సుమారు 300 కోట్ల డాలర్ల రాయితీ ఇస్తానంది. అయితే ఒప్పందంలో ఒక షరతు పెట్టుకుంది. ఏ ఏటికా ఏడు ఇన్ని ఉద్యోగాలు చూపిస్తేనే ఆ ఏడు డబ్బు. చెప్పిన ఫ్యాక్టరీ రాలేదు. 2021లో ఒప్పందాన్ని తిరగరాశారు. పెట్టుబడి 67 కోట్ల డాలర్లకు, ఉద్యోగాలు 1,454కు, రాయితీ 8 కోట్ల డాలర్లకు దిగింది. షరతు ఉండబట్టి రాష్ట్ర ఖజానా చాలావరకు బతికిపోయింది. ఊరు మాత్రం ముందే అప్పు తెచ్చి భూములు కొనిపెట్టింది, ఇళ్లు ఖాళీ చేయించింది, రోడ్లు, నీళ్ల పైపులు వేసింది. ఆ ఖర్చుకు ఉద్యోగాల షరతు లేదు. తర్వాత అదే స్థలంలో మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్ కట్టడం మొదలుపెట్టింది కాబట్టి ఊరు మునిగిపోలేదు. ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవారికి అది ఊరట కాదు. నా దృష్టిలో ఈ చర్చ మొత్తంలో హాలియా వారికి పనికొచ్చే ఉదాహరణ ఇదొక్కటే. రాష్ట్రం తన జాగ్రత్త తాను చూసుకోవచ్చు. చిన్న ఊరి ఖర్చు ముందే అయిపోతుంది, వెనక్కి రాదు.

మన దగ్గర ఊరి ఖర్చు ఎక్కువగా భూమి రూపంలో ఉంటుంది. జడ్చర్ల దగ్గర పోలేపల్లి అందుకు సాక్ష్యం. ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్) కోసం అక్కడ 2003 తర్వాత దాదాపు వెయ్యి ఎకరాలు తీసుకున్నారు. పోయిన భూముల్లో చాలావరకు దళితులవి, వెనుకబడిన కులాలవి, చిన్న కమతాలు. పరిహారం ఎకరాకు వేలల్లోనే ఉందని బాధితులు ఏళ్లపాటు ఆందోళన చేశారు. ఇవాళ అక్కడ పెద్ద ఫార్మా కంపెనీలున్నాయి, వేల మంది పనిచేస్తున్నారు, పాలమూరు జిల్లాకు అది ముఖ్యమైన పారిశ్రామిక కేంద్రం. 2005 సెజ్ చట్టం కింద అలాంటి యూనిట్లకు ఎగుమతుల లాభం మీద మొదటి అయిదేళ్లు ఆదాయపు పన్ను పూర్తిగా మినహాయింపు, తర్వాత అయిదేళ్లు సగం ఉండేది. ఇవన్నీ కాగితం మీద రాసి ఉన్న రాయితీలు. చవకగా పోయిన భూమి కూడా రాయితీయే, కానీ అది ఏ బడ్జెట్ పద్దులోనూ కనిపించదు. ఇచ్చింది ప్రభుత్వం కాదు, ఆ ఎకరం అరెకరం ఉన్న కుటుంబాలు. 2013 భూసేకరణ చట్టం వచ్చాక పరిహారం పెరిగింది. ప్రభుత్వం పంచిన అసైన్డ్ భూమి రైతు బలహీనుడన్న సంగతి మాత్రం మారలేదు.

పారిశ్రామికవాడ వస్తే ఊరికి ఆస్తి పన్ను అయినా దండిగా వస్తుందని అనుకుంటాం. అదీ నేరుగా రాదు. ప్రభుత్వ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ వేసిన వాడల్లో ఇండస్ట్రియల్ ఏరియా లోకల్ అథారిటీ, అందరూ ‘ఐలా’ అని పిలిచే వ్యవస్థ ఉంటుంది. ఆస్తి పన్ను వసూలు చేసేది అదే. వాడ లోపలి రోడ్లు, దీపాలు అది చూసుకుని, వసూలైన దాంట్లో కొంత వాటా పంచాయతీకి లేదా పురపాలక సంఘానికి ఇస్తుంది. వాడ లోపల పనిచేసే కార్మికులు ఉండేది మాత్రం వాడ బయట, పంచాయతీ వీధుల్లో. వాళ్ల పిల్లల బడి, నీళ్లు, మురికి కాలువ పంచాయతీ బాధ్యత.

ఉద్యోగాలు స్థానికులకు దక్కడం గురించి రెండు రాష్ట్రాలూ రెండు దారులు పట్టాయి. ఆంధ్రప్రదేశ్ 2019లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని చట్టం చేసింది. అలాంటి చట్టమే చేసిన హర్యానాలో 2023లో అక్కడి హైకోర్టు దాన్ని కొట్టేసింది. తెలంగాణ 2020లో బలవంతం పెట్టకుండా, సగం నైపుణ్యం ఉన్న పనుల్లో 70 శాతం, నైపుణ్యం ఉన్న పనుల్లో 60 శాతం స్థానికులను తీసుకుంటే అదనపు రాయితీ అంది. నాకు తెలంగాణ దారి మేలనిపిస్తుంది. ఎందుకంటే అందులో డబ్బు ఉద్యోగానికి ముడిపడి ఉంది. అమెజాన్‌కు వర్జీనియా ఇచ్చిన ఒప్పందం కూడా అలాంటిదే. సగటు జీతం ఏడాదికి లక్షా 50 వేల డాలర్లు ఉండేలా ఒక్కో ఉద్యోగం చూపించాక, దానికి 22,000 డాలర్లు. ముందుగా పైసా లేదు.

ఒకసారి మాట ఇస్తే ప్రభుత్వం తప్పుకోవడం కూడా తేలిక కాదు. 1968లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం కొత్త యూనిట్లకు మూడేళ్లు అమ్మకపు పన్ను ఉండదంది. ఆ మాట నమ్మి మోతీలాల్ పద్మపత్ షుగర్ మిల్స్ కాన్పూర్‌లో వనస్పతి ఫ్యాక్టరీ పెట్టింది. తర్వాత ప్రభుత్వం మాట మార్చింది. సుప్రీంకోర్టు 1978 డిసెంబరులో, ఇచ్చిన మాట నమ్మి ఎదుటివాడు డబ్బు పెట్టాక ప్రభుత్వం దాన్ని కాదనలేదని తీర్పు చెప్పింది. కాబట్టి ఈ రోజు ఒక మంత్రి వేదిక మీద ప్రకటించి ఉత్తర్వుగా మారిన రాయితీ, తర్వాతి ప్రభుత్వానికి తప్పని అప్పు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పరిశ్రమలకు ఇవ్వాల్సిన ప్రోత్సాహకాలు ఏళ్ల తరబడి బకాయి పడుతున్నాయని వ్యాపార సంఘాలు మొరపెట్టుకుంటూనే ఉన్నాయి. పెద్ద కంపెనీ ఆగగలదు, ఢిల్లీ దాకా మాట్లాడగలదు. బ్యాంకు అప్పుతో చిన్న షెడ్డు వేసి, సబ్సిడీ వస్తుందని వడ్డీ లెక్కలు కట్టుకున్నవాడు ఆగలేడు. టీ-ప్రైడ్ అనే పథకం కింద యూనిట్లు పెట్టిన దళిత, గిరిజన యువకులకు 35 శాతం పెట్టుబడి సబ్సిడీ అన్న హామీ ఉంది. అది ఆలస్యమైతే ముందు మునిగేది వాళ్లే. కొత్త మెగా ప్యాకేజీ ప్రకటించే ముందు వీళ్ల బకాయి తీర్చడం న్యాయం.

ఇక అసలు లోటు ఎక్కడుందో చెబుతాను. 2024 అక్టోబరులో రామన్నపేట దగ్గర సిమెంటు గ్రైండింగ్ యూనిట్ మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. చుట్టుపక్కల ఊళ్ల జనం వచ్చి తమ మాట గట్టిగా చెప్పారు. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ఆ హక్కు ఇచ్చింది. పొగ గురించి, దుమ్ము గురించి, నీళ్ల గురించి అడగవచ్చు. అదే కంపెనీకి ప్రజల డబ్బు ఎంత ఇస్తున్నారు, ఎన్ని ఉద్యోగాలకు ఇస్తున్నారు, రాకపోతే తిరిగి తీసుకుంటారా అని అడగడానికి అలాంటి సభ ఏదీ లేదు. రాష్ట్ర బడ్జెట్‌లో పరిశ్రమల ప్రోత్సాహకాలు గుండుగుత్తగా ఒక పద్దు కింద కనిపిస్తాయి. ఏ కంపెనీకి ఎంత అన్నది అక్కడ ఉండదు. కేంద్రం 2006-07 నుంచి తాను వదులుకుంటున్న పన్నుల లెక్కను బడ్జెట్‌తో పాటు ప్రచురిస్తోంది. అమెరికాలో 2015లో వచ్చిన లెక్కల నిబంధన ప్రకారం ఊళ్లు, నగరాలు పన్ను మాఫీల వల్ల ఎంత కోల్పోయాయో ఏటా తమ పద్దుల్లో చూపించాలి. మన జిల్లాల్లోనూ అలా చూపించడం కష్టమేమీ కాదు. చిన్న యూనిట్ల ప్రోత్సాహకాలు కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా పరిశ్రమల ప్రోత్సాహక కమిటీ ముందుకు వస్తాయి. పెద్దవి రాష్ట్ర స్థాయి కమిటీకి వెళ్తాయి. లెక్క ఎలాగూ కాగితం మీద ఉంది. అది బయట పెట్టడమే మిగిలింది.

అలా బయట పెట్టాలని చట్టం ఇప్పటికే చెబుతోంది. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి)లో 12వ అంశం సబ్సిడీ పథకాల అమలు తీరు, కేటాయించిన మొత్తం, లబ్ధిదారుల వివరాలు. 13వ అంశం ప్రభుత్వం నుంచి రాయితీలు, అనుమతులు పొందినవారి వివరాలు. ఎవరూ అడగకముందే ప్రతి కార్యాలయమూ వీటిని ప్రకటించాలి. ప్రకటించకపోతే నల్లగొండలోని జిల్లా పరిశ్రమల కేంద్రానికి పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టుకోవచ్చు. వ్యాపార రహస్యమని సెక్షన్ 8(1)(డి) చూపించి తిప్పి పంపే వీలుంది. కానీ అదే సెక్షన్, విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చని కూడా చెబుతోంది. అడగాల్సినవి నాలుగే. ఈ యూనిట్‌కు ఇప్పటిదాకా ఏ రూపంలో ఎంత ఇచ్చారు? దరఖాస్తులో ఎన్ని ఉద్యోగాలు చూపించారు, ఇప్పుడు భవిష్య నిధి ఖాతాల ప్రకారం ఎంతమంది ఉన్నారు? అందులో ఈ జిల్లావారు ఎందరు, కాంట్రాక్టు మీద ఎందరు? మాట తప్పితే సొమ్ము తిరిగి రాబట్టే షరతు ఒప్పందంలో ఉందా? పురపాలక సంఘం కౌన్సిల్ కూడా ఈ నాలుగు ప్రశ్నలతో తీర్మానం చేసి కలెక్టర్‌కు పంపవచ్చు. అందుకు రాష్ట్రం అనుమతి అక్కర్లేదు.